కొండ దుప్పటి కప్పుకున్న రోజు

పిల్లలూ! మీలో చాలామంది సింహాచలమో, అన్నవరమో, తిరుమలో ఎక్కే ఉంటారు. అక్కడ మెట్లుంటాయి, దారి పక్కన సోడా కొట్లుంటాయి, కాళ్ళు నొప్పెడితే కూర్చోడానికి మంటపాలుంటాయి. నేను చెప్పబోయేది అలాంటి కొండ గురించి కాదు. మెట్లు లేని కొండ, దానికి తోడు వాన, ఆ వానలో అయిదుగురు పంతుళ్ళు. వాళ్ళలో ఒకణ్ణి నేను. సైన్సు మాస్టరునన్న గర్వం అప్పట్లో నాకు కాస్త ఎక్కువే.

పాతికేళ్ళ కిందటి మాట. నేను ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయింది. శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర నిలబడి పడమరగా చూస్తే నీలంగా ఒక పెద్ద కొండ కనబడుతుంది. అదే మహేంద్రగిరి. శిఖరం ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది, ఎత్తు 1501 మీటర్లు. పురాణాలు చెప్పే ఏడు కులపర్వతాల్లో ఇదొకటి. పరశురాముడు తపస్సు చేసిన చోటంటారు. పైన భీముడి పేరా, కుంతి పేరా పాత రాతి గుళ్ళున్నాయి. మా తెలుగు పండితులుగారైతే, కాళిదాసు రఘువంశంలో రఘుమహారాజు జయించిన మహేంద్రం ఇదేనని ప్రతి సంవత్సరం తరగతిలో చెప్పేవారు. "చెప్పడమే గాని ఎప్పుడైనా ఎక్కారా పంతులుగారూ?" అని ఒకనాడు డ్రిల్లు మాస్టారు అడిగారు. ప్రయాణానికి పునాది అక్కడే పడింది.

కార్తీకమాసం. ఆదివారం తరవాత సోమవారం బడికి లోకల్ సెలవు కలిసొచ్చింది. లెక్కల మాస్టారు, తెలుగు పండితులు, డ్రిల్లు మాస్టారు, కొత్తగా చేరిన హిందీ మాస్టారు, నేను బయలుదేరాం. పలాస జీడిపప్పు, బెల్లం, అటుకులు, బత్తాయిలు, ఒక డజను మందస కోవా బిళ్ళలు సంచుల్లో వేసుకున్నాం. ప్రయోగశాల నుంచి ఒక థర్మామీటరు కూడా తీసుకున్నాను. కొండ మీద నీళ్ళు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయో కళ్ళారా చూడాలని నా కోరిక.

ముందు రోజు రాత్రి రేడియోలో, బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందనీ, కోస్తాలో వానలు పడవచ్చుననీ చెప్పారు. "కోస్తాలో కదండీ, మనం వెళ్ళేది కొండకి" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు మర్నాడు మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

కొండ అడుగున ఒక సవర గూడెంలో దారి చూపడానికి ఒక పెద్దాయన ఒప్పుకున్నాడు. మేమంతా "తాతా" అని పిలిచాం. పొద్దున్న ఆరున్నరకి ఆయన ఇంటి ముందు నిలబడి కొండకేసి చూశాడు. "మేస్టరూ, కొండ దుప్పటి కప్పీసింది. ఇయ్యాల పైకి ఎల్లొద్దు" అన్నాడు.

నిజమే, శిఖరం కనబడ్డంలేదు. నడుము పైన అంతా తెల్లని మబ్బు. మా నెత్తి మీద మాత్రం ఎండ కాస్తోంది. "ఎండ ఉంది కదా తాతా, ఎక్కేసరికి విడిపోతుందిలే" అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా గొడ్డలి భుజాన వేసుకుని ముందు నడిచాడు.

ఆయన చూసిందేమిటి, నేను చూడనిదేమిటి? ఇప్పుడు చెప్పుకుందాం. మీ సైకిలు ట్యూబు వాల్వు నొక్కి గాలి వదిలితే, బయటికొచ్చే గాలి వేలికి చల్లగా తగులుతుంది. బిగించి ఉన్న గాలి ఒక్కసారి వ్యాకోచించడానికి తన వేడినే ఖర్చు పెట్టుకుంటుంది గనక అలా చల్లబడుతుంది. సముద్రం మీది గాలి కొండకు కొట్టుకుని పైకి ఎక్కినప్పుడూ ఇదే జరుగుతుంది. ఎత్తుకు పోయేకొద్దీ వాతావరణ పీడనం తగ్గుతుంది. సముద్రమట్టంలో 1013 మిల్లీబార్లుండే పీడనం 1500 మీటర్ల ఎత్తున సుమారు 845 మిల్లీబార్లే. పీడనం తగ్గేకొద్దీ గాలి వ్యాకోచించి, ప్రతి 100 మీటర్లకీ దాదాపు ఒక డిగ్రీ సెంటిగ్రేడు చొప్పున చల్లబడుతుంది. చల్లబడిన గాలి తనలోని నీటి ఆవిరిని మోయలేదు. ఆవిరి సన్నని బిందువులుగా మారుతుంది. అదే మేఘం.

మేఘం ఎంత ఎత్తున మొదలవుతుందో చెప్పడానికి ఒక సులువైన లెక్క ఉంది. గాలి ఉష్ణోగ్రతకీ, అందులోని ఆవిరి మంచుగా మారే ఉష్ణోగ్రతకీ ఎన్ని డిగ్రీల తేడా ఉందో చూడండి. దాన్ని 125తో హెచ్చవేస్తే మేఘం అడుగు ఎన్ని మీటర్ల ఎత్తున ఉంటుందో రమారమిగా వస్తుంది. తేడా 8 డిగ్రీలైతే వెయ్యి మీటర్లు, 3 డిగ్రీలైతే 375 మీటర్లే. గాలిలో తేమ ఎంత ఎక్కువైతే కొండ దుప్పటి అంత కిందికి దిగుతుంది. పైగా మన అర్ధగోళంలో అల్పపీడనం చుట్టూ గాలులు అపసవ్యంగా తిరుగుతాయి. అల్పపీడనం మనకు దక్షిణంగా సముద్రం మీద ఉంటే, మన దగ్గర గాలి తూర్పు నుంచి, అంటే సముద్రం మీది నుంచి తేమ మోసుకుంటూ వచ్చి సరాసరి కొండకు కొడుతుంది. మహేంద్రగిరికీ సముద్రానికీ మధ్య పాతిక ముప్పై కిలోమీటర్ల దూరమే. తాత దగ్గర థర్మామీటరు లేదు, రేడియో లేదు. దుప్పటి అంచు ఎక్కడికి దిగిందో చూశాడు, అంతే.

ఏడున్నరకి బయలుదేరాం. థర్మామీటరు 25 డిగ్రీలు చూపింది. శిఖరం దాకా కాలిబాట 12 కిలోమీటర్లుంటుందని గూడెంలో ఎవరో అన్నారు. లెక్కల మాస్టారు వెంటనే, "గంటకి నాలుగు కిలోమీటర్లు, మూడు గంటలు. పదిన్నరకి పైనుంటాం" అని తేల్చారు. పదిన్నరయ్యేసరికి మేము సగం దూరంలో ఒక వాగు ఒడ్డున చతికిలబడి ఆయాసపడుతున్నాం.

లెక్కల మాస్టారు గుణించడంలో తప్పు చెయ్యలేదు. ఆయన వదిలేసింది ఎత్తు. స్కాట్లండుకు చెందిన విలియం నైస్మిత్ అనే కొండలెక్కే మనిషి 1892లో ఒక సూత్రం చెప్పాడు. ఇప్పటి కొలతల్లో చెప్పాలంటే, ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. మాకు 12 కిలోమీటర్లకు 2 గంటల 24 నిమిషాలు. ఊరి నుంచి శిఖరానికి 1300 మీటర్ల ఎత్తనుకుంటే, దానికి మరో 2 గంటల 10 నిమిషాలు. మొత్తం నాలుగున్నర గంటల పైమాటే. ఇది కూడా ఆగకుండా, మంచి వాతావరణంలో, అలవాటున్న కాళ్ళకు. రోజూ కుర్చీకీ నల్లబల్లకీ మధ్య నడిచే కాళ్ళకు కాదు.

ఆ వాగు దగ్గర చినుకులు మొదలయ్యాయి. తాత నీళ్ళకేసి చూశాడు. "పొద్దుటి నుంచి ఇది రంగు మారింది. పైన గట్టిగా పడతన్నాది. తినీసి యెనక్కి ఎల్పోదాం బాబూ" అన్నాడు. హిందీ మాస్టారు సరేనన్నారు. పిల్లలూ, అప్పుడు "ఇంత దూరం వచ్చి వెనక్కేమిటి, ఇంకో రెండు గంటలు" అన్నది నేనే. మిగతావాళ్ళు నా మాట కాదనలేకపోయారు. తాతకి మేమిచ్చే డబ్బు మీద ఆధారం, అందువల్ల ఆయనా కాదనలేకపోయాడు. ఆ సంగతి నాకు అప్పుడు తోచలేదు.

పన్నెండున్నరకి చెట్లు పలచబడి గడ్డి మైదానంలాంటి కొండకొమ్ము మీదికి వచ్చాం. అప్పుడు వాన విరుచుకుపడింది. కింద గాలి లేదు, ఇక్కడ నిలబడనివ్వని గాలి. పండితులుగారి గొడుగు తిరగబడి నాలుగడుగులు ఎగిరి లోయలోకి పోయింది. థర్మామీటరు 16 డిగ్రీలు. ఎక్కడో మెరిసింది. లెక్కల మాస్టారు నిలబడి లెక్కపెట్టారు. నాలుగు సెకన్లకు ఉరుము వినబడింది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే పిడుగు మాకు కిలోమీటరున్నర లోపే. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు లేకపోతే బయట ఉండకూడదని ఈనాడు చెబుతారు. ఇప్పుడైతే పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవారు తయారు చేసిన 'దామిని' యాప్ పిడుగుల గురించి ముందుగా హెచ్చరిస్తుంది. ఆ రోజున మాకు ఆ సంఖ్య తెలియకపోయినా, బోడికొండ మీద అయిదు తలకాయలే ఎత్తయిన వస్తువులన్న సంగతి అర్థమయింది. ఎవరూ ఎవరినీ అడగలేదు. అందరం వెనక్కి తిరిగాం.

కొంత దిగాక తాత ఆగమన్నాడు. వాగు దాటడానికి వీలుందో లేదో చూసొస్తానన్నాడు. "నానొచ్చిందాకా ఈ బండ కాడి నుంచి కదలకండి" అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు. మేము బండ చాటున నిలబడి బత్తాయిలు ఒలుచుకు తిన్నాం. పావుగంట గడిచింది. పొగమంచులో పది గజాల అవతల ఏమీ కనబడదు. ఒళ్ళు కొంకర్లు పోతోంది. "నడుస్తుంటే వేడి పుడుతుంది, తిన్నగా కిందికే కదా" అని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఇప్పటికీ తేలలేదు. ప్రతివాడూ పక్కవాణ్ణి చూపిస్తాడు.

తిన్నగానే నడిచాం. మేమంతా ప్రమాణం చేసి చెప్పగలం, తిన్నగానే నడిచాం. అరగంటయ్యాక ఎదురుగా ఒక బండ, బండ దగ్గర బత్తాయి తొక్కలు. ఆ తొక్కలు మావే.

దీన్ని దయ్యం తిప్పడం అని మన పల్లెల్లో అంటారు. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు కొందరు మనుషుల్ని అడవిలోనూ ఎడారిలోనూ నడిపించి, ఆ ఫలితాల్ని 2009లో ప్రచురించారు. సూర్యుడో చంద్రుడో కనబడుతున్నంతసేపు వాళ్ళు దాదాపు తిన్నగా పోయారు. మబ్బు కమ్మితే తెలియకుండానే గుండ్రంగా తిరిగి తమ అడుగుల్ని తామే దాటారు. కళ్ళకు గంతలు కట్టి నడిపిస్తే ఇంకా చిన్న చిన్న చుట్లు తిరిగారు. ఒక కాలు పొడవు, ఒక కాలు పొట్టి కావడం వల్ల కాదు, ఎందుకంటే ఒకే మనిషి ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ తిరిగాడు. ప్రతి అడుగులోనూ "తిన్నగా" అన్న మన అంచనాలో చిన్న పొరపాటు ఉంటుంది. సరిదిద్దడానికి దూరంగా ఒక గుర్తు కనబడకపోతే ఆ పొరపాట్లు పోగుపడతాయి. మీరు ఆటస్థలంలో కళ్ళకు గంత కట్టుకుని, పక్కన ఒకణ్ణి కాపలా ఉంచుకుని నడిచి చూడండి.

ఇంతసేపూ పండితులుగారి సంగతి నేను సరిగా పట్టించుకోలేదు. ఆయన బక్కపలచని మనిషి. కార్తీక సోమవారం గనక ఉపవాసం. పొద్దుటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు, బత్తాయి కూడా వద్దన్నారు. పంచె, నూలు చొక్కా, పైన నూలు కండువా, అన్నీ తడిసి ఒంటికి అతుక్కుపోయాయి. కొండకొమ్ము మీద బాగా వణికారు. తరవాత విసుక్కోడం మొదలెట్టారు. ఎప్పుడూ విసుక్కునే మనిషి కాదు. రెండుసార్లు తూలారు. లకారానికీ ళకారానికీ మాకు తప్పులు పట్టే మనిషి మాట ముద్దముద్దగా వస్తోంది. బండ దగ్గరికి మళ్ళీ చేరేసరికి వణుకు తగ్గిపోయింది. "పోనీలెండి, వణుకు తగ్గింది" అన్నాను నేను, సైన్సు మాస్టర్ని! "మీరు వెళ్ళండి, నేనిక్కడ కాసేపు పడుకుంటాను" అన్నారాయన.

ఆ పరిస్థితిని వైద్యులు హైపోథెర్మియా అంటారు. మన శరీరం లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. అది 35కి దిగిందంటే ప్రమాదం మొదలైనట్టే. దీనికి మంచు పడే దేశాలే అక్కర్లేదు. 15 డిగ్రీల దగ్గర కూడా తడిబట్ట, గాలి, ఖాళీ కడుపు ఈ మూడూ కలిస్తే చాలు. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు త్వరగా వేడిని లాగేస్తుంది. ఇక ఆవిరి సంగతి లెక్క కట్టండి. ఒంటి మీద ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. బట్టల్లోంచి 300 గ్రాముల నీరు ఆరిపోయిందనుకుందాం. 1,74,000 కేలరీలు! పండితులుగారి బరువు 50 కిలోలు. మన శరీరం విశిష్టోష్ణం 0.83 చొప్పున చూస్తే, ఆయన ఒళ్ళు ఒక డిగ్రీ చల్లబడాలంటే 41,500 కేలరీలు పోవాలి. ఆ వేడంతా ఆయన ఒంట్లోంచే పోయి, ఒళ్ళు కొత్తగా వేడి పుట్టించకపోతే, ఉష్ణోగ్రత 4 డిగ్రీలకు పైగా పడిపోతుంది. నిజానికి కొంత వేడి చుట్టూ ఉన్న గాలి నుంచి వస్తుంది, తిన్న తిండి కొంత పుట్టిస్తుంది. కాని ఆయన తిన్నదేదీ?

వణుకంటే ఏమిటనుకుంటున్నారు? కండరాలు వేడి కోసం చేసే పని అది. చలిలో ఉన్న మనిషికి ఒళ్ళు వెచ్చబడకుండానే వణుకు ఆగిందంటే, పొయ్యిలో కట్టెలు అయిపోయాయన్నమాట. దాన్ని చూసి నేను సంతోషించాను.

డ్రిల్లు మాస్టారికి శాస్త్రం తెలియదు గాని మెడలో ఈల ఉంది. బడి లేని రోజు కూడా ఆ ఈల ఆయన మెడలోంచి దిగదు, దాని మీద మేము వేళాకోళాలాడేవాళ్ళం. ఆయన ఊదడం మొదలెట్టారు. అరుపు నాలుగు నిమిషాల్లో గొంతును ఎండబెడుతుంది, ఈల అలా కాదు. పర్వతారోహకులు ఆపదలో నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదుతారు. జవాబుగా నిమిషానికి మూడుసార్లు వినబడాలి. మా డ్రిల్లు మాస్టారు ఆ నియమమేమీ లేకుండా కబడ్డీ ఆట ఆపినట్టు ఊదారు. ఎంతసేపటికో మంచులోంచి ఒక కేక వినబడింది. తాత!

మేము ఆ బండ విడిచి వెళ్ళినప్పుడు ఆయన ఒకసారి వచ్చి, మేము లేకపోవడం చూసి, వెతుకుతూ తిరుగుతున్నాడట. ఒక్క తిట్టు తిట్టలేదు. పండితులుగారి ముఖం చూసి, చెయ్యి పట్టుకుని చూసి, "వాగు దాటలేం. పోడు గుడిసెకి ఎల్దాం" అన్నాడు. దారి ఎలా పోల్చుకుంటావు తాతా అని హిందీ మాస్టారు అడిగితే, "గాలి మొకానికి కొడితే మనూరు, ఈపుకి కొడితే ఒడిసా" అన్నాడు. తూర్పుగాలి గదా! నా సంచిలో దిక్సూచి లేదు, ఆ దిక్సూచి మాత్రం పొద్దుటి నుంచి నా చెంపల మీదే ఉంది.

వాగు ఎందుకు దాటలేమో దూరం నుంచే వినబడింది. లోపల రాళ్ళు దొర్లుతున్న చప్పుడు. నీటి వేగం రెట్టింపైతే మన కాళ్ళ మీద పడే తోపు నాలుగు రెట్లవుతుంది. అది దొర్లించగలిగే రాయి బరువు మాత్రం 64 రెట్లవుతుంది. పొద్దున్న గులకరాళ్ళు కదిలించిన నీరు మధ్యాహ్నానికి బిందెలంత రాళ్ళు కదిలిస్తోంది. మోకాలి లోతే కదా అనుకునేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోండి.

గుడిసె అంటే నాలుగు గుంజలు, గడ్డి కప్పు, మూడు వైపుల తడికలు. పంట కాపలాకు కట్టుకున్నది. లోపల తాత బంధువులిద్దరు చిన్న నెగడు వేసుకుని ఉన్నారు. తాత ముందు పండితులుగారి తడిబట్టలన్నీ తీసేయించాడు. ఎండుగడ్డి పరిచి, దాని మీద కూర్చోబెట్టి, గోనెలూ తమ దుప్పట్లూ తల మీది నుంచి కప్పాడు. డ్రిల్లు మాస్టారూ నేనూ చెరోవైపు ఆనుకుని కూర్చున్నాం. నేను ఆయన చేతులు గట్టిగా రుద్దబోతే తాత నా చెయ్యి నెట్టేశాడు. ఆయన ఎందుకలా చేశాడో గాని, చేసింది సరైన పనే. చల్లబడిపోయిన చేతుల్లోని రక్తం ఒక్కసారిగా గుండెకు చేరితే గుండె లయ తప్పవచ్చు. గుడిసెలో ఉన్న కుర్రవాడు జీలుగు కల్లు చూపించి, ఇది పడితే వేడెక్కుతాడన్నాడు. అది మాత్రం వద్దన్నాను. ఆ రోజంతటిలో నేను చెప్పిన ఒకే ఒక మంచి మాట అది. మత్తు చర్మంలోని రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది. ఒళ్ళు వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తుంది గాని, లోపలి వేడి బయటికి పారిపోతుంది.

చోడి అంబలి వేడి చేసి, మా బెల్లం అందులో కలిపారు. పండితులుగారు సోమవారమన్నారు. "శివుడు కూడా కొండ మీదే ఉంటాడు, ఆయనకి తెలుసు, తాగండి" అన్నారు లెక్కల మాస్టారు. మింగగలిగే స్థితిలో ఉన్నారు గనక కొంచెం కొంచెం పట్టాం. మనిషి స్పృహలో లేకపోతే అలా పట్టకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అసలు అంతగా చల్లబడిన మనిషిని నడిపించకుండా మోసుకెళ్ళి, వీలైనంత త్వరగా ఆస్పత్రికి చేర్చాలి. ఆ రాత్రి మాకు అవతల ఏ దారీ లేదు.

అరగంట తరవాత ఆయన గడగడ వణకడం మొదలెట్టారు. హిందీ మాస్టారు భయపడ్డారు. తాత మాత్రం నవ్వాడు. కట్టెలు మళ్ళీ అంటుకున్నాయి. చీకటి పడ్డాక, మేము మాటల్లో "కొల్లేరు" అంటే ఆయన దుప్పట్లోంచి తల బయటపెట్టి, "కొల్లేరు కాదండీ, కొల్లేఱు. పాత వాళ్ళు బండి ఱ రాసేవారు" అన్నారు. ఆ మాట విని నేను గుడిసె వెనక్కి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను.

తెల్లారేసరికి వాన వెలిసింది. తూర్పున సముద్రం ఒక వెండి గీతలా కనబడింది. పది గంటలకు వాగు తగ్గాక, తాత ముందుగా కర్రతో లోతు చూస్తూ దాటించాడు. కూలి డబ్బులిస్తే, అనుకున్నదానికంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. కోవా బిళ్ళలు మాత్రం గూడెంలో పిల్లలకు పంచాడు. పండితులుగారు పలాసలో డాక్టరుకు చూపించుకున్నారు. మూడు రోజులు సెలవు పెట్టి నాలుగో రోజు బడికొచ్చారు.

థర్మామీటరు ఆ తోపులాటలో ఎక్కడో పగిలింది. దాని ఖరీదు నా జీతంలోంచి కట్టాను.

తరవాతి మహాశివరాత్రికి అయిదుగురం మళ్ళీ వెళ్ళాం. ముందు రోజు సాయంత్రమే గూడెం చేరి, "రేపు ఎక్కవచ్చా తాతా?" అని అడిగాం. ఆయన కొండకేసి చాలాసేపు చూసి, ఎక్కవచ్చన్నాడు. ఈసారి నైస్మిత్ లెక్క ప్రకారం తెల్లవారుజామునే బయలుదేరాం. శిఖరం దగ్గర మూడు రాళ్ళు పెట్టి, కొత్త థర్మామీటరుతో గిన్నెలో నీళ్ళు కాచాను. ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ మరిగే ఉష్ణోగ్రత దాదాపు ఒక డిగ్రీ తగ్గాలి. 95 దగ్గర పాదరసం ఆగిపోయింది, నీళ్ళు తెర్లుతున్నాయి. అందరికీ చూపించాను. తాత కూడా ఒంగి చూసి, "మరిగిన నీళ్ళు మరిగినయ్యే గదా మేస్టరూ, టీ ఎట్టండి" అన్నాడు.